ఎంజైముకు చిరునామా ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు?

గోదావరి మాష్టారు | సోమవారం, రాత్రి 9.10

సభ్యులందరికీ నమస్కారం. జూనియర్ ఇంటర్ పిల్లలకు కణాంగాల పాఠం చెబుతున్నాను. లైసోసోముల దగ్గరికి వచ్చేసరికి, ఏటా చెప్పినట్టే, వీటిని స్వయం విచ్ఛిత్తి సంచులు అంటారనీ, వీటిలో అరిగించే ఎంజైములు ఉంటాయనీ చెప్పి ముందుకు పోబోయాను. చివరి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "సార్, ప్రోటీన్లన్నీ రైబోసోముల మీదే తయారవుతాయని నిన్ననే చెప్పారు కదా, మరి ఏ ఎంజైము ఏ సంచిలోకి పోవాలో దానికెలా తెలుస్తుంది? దారిలో ఉండగా అది కణాన్నే ఎందుకు అరిగించెయ్యదు?" అని అడిగింది. ప్రతి ప్రోటీనులోనూ చిరునామా లాంటి ఒక సంకేతం ఉంటుందని సమాధానం చెప్పాను. ఆ అమ్మాయి కూర్చోలేదు. "ఆ చిరునామాలో ఒక్క అక్షరం తప్పు పడితే?" అంది. గురువారం మళ్ళీ ఆ సెక్షనుకే క్లాసు ఉంది. పాఠ్యపుస్తకంలోని రెండు వాక్యాలను దాటి, పిల్లలకు అర్థమయ్యేలా ఏమి చెప్పవచ్చో తెలిసినవారు రాయగలరు.

ప్రయోగశాల పక్షి | సోమవారం, రాత్రి 10.25

మాష్టారూ, ఆ అమ్మాయి మొదట అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట మొదలవుతుంది. లైసోసోముకు చెందిన ఎంజైము కణద్రవ్యంలో పూర్తిగా తయారై, ఆ తరవాత ప్రయాణం కట్టదు. రైబోసోము నుంచి గొలుసు బయటికి రావడం మొదలైన కొద్దిసేపటికే, దాని మొదట్లో ఉండే 15 నుంచి 30 అమైనో ఆమ్లాల ముక్క, నీటికి పొసగని అమైనో ఆమ్లాలు నడుమ గుత్తిగా ఉన్న ముక్క, "సంకేత గుర్తింపు కణిక" అనే ఒక చిన్న యంత్రానికి చిక్కుతుంది. అది గొలుసు అల్లికను కాస్త నిలిపి, రైబోసోమును అంతర్జీవద్రవ్యజాలం (కణంలో పొరలతో అల్లుకున్న గొట్టాల వల) పొర మీదికి చేర్చి, అక్కడున్న సన్నని ద్వారానికి అప్పగిస్తుంది. అప్పుడు అల్లిక మళ్ళీ సాగి, గొలుసు తయారవుతూనే, సూది బెజ్జంలోకి దారం పోయినట్టు లోపలికి దిగిపోతుంది. పని తీరిన సంకేతపు ముక్కను లోపలి ఎంజైము ఒకటి కోసి పారేస్తుంది. కాబట్టి మీ అరిగించే ఎంజైము కణద్రవ్యంలో స్వేచ్ఛగా తిరిగే సమయమంటూ లేదు.

న్యూయార్కులోని రాకెఫెల్లర్ విశ్వవిద్యాలయంలో గుంటర్ బ్లోబెల్ 1970ల మొదట్లో ఈ ఊహను ప్రతిపాదించి, 1975 నాటికి పరీక్షనాళికలో చూపించారు. 1999లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది ఇందుకే.

దారిలో ఎందుకు అరిగించదన్నదానికి ఇంకో రక్షణ కూడా ఉంది. కెథెప్సిన్ల వంటి ఎంజైములు తయారైనప్పుడు వాటి పనిచేసే చోటును కప్పుతూ ఒక అదనపు ముక్క ఉంటుంది. లైసోసోము చేరువలోని ఆమ్ల వాతావరణంలోకి వచ్చాకే ఆ ముక్క తెగిపోతుంది. కత్తిని ఒరలో పెట్టి పంపినట్టు.

పాత పుస్తకం | మంగళవారం, ఉదయం 6.40

నేను ముప్ఫై ఏళ్ళు జీవరసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. పిల్లలకు సంకేతం కంటే ముందు సంచి ఉందని ఎలా తెలిసిందో చెప్పండి మాష్టారూ, అప్పుడే వాళ్ళకు రుచి తెలుస్తుంది.

1949లో బెల్జియంలోని లూవెన్‌లో క్రిస్టియన్ డి డూవ్ ఎలుక కాలేయాన్ని నూరి, అందులో ఆసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పనితనాన్ని కొలిచారు. కాలేయాన్ని మునుపటిలా బ్లెండరులో వేసి చితక్కొట్టకుండా, గాజు గొట్టంలో నెమ్మదిగా నూరే పద్ధతి వాడేసరికి, రావలసిన పనితనంలో దాదాపు పదో వంతే వచ్చింది. కొలతలో పొరపాటు జరిగిందనుకుని పారబోసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. ఆ నమూనాలను ఫ్రిజ్‌లో పెట్టి, కొన్ని రోజుల తరవాత మళ్ళీ కొలిచారు. ఈసారి పనితనం పూర్తిగా బయటపడింది. ఎంజైము మొదటినుంచీ అక్కడే ఉంది, కానీ ఒక పొర వెనక ఉంది. నిలవ ఉంచేసరికి పొర చిరిగింది. గడ్డకట్టించి కరిగించినా, నీళ్ళు కలిపి ఉబ్బించినా అదే జరుగుతుందని వరసగా తేలింది. ఆ పొర సంచికి 1955లో లైసోసోము అని పేరు పెట్టారు. అంటే ఆ సంచిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కంటితో చూడకముందే, ఒక ఎంజైము కనబడకపోవడాన్ని బట్టి ఊహించారన్నమాట. డి డూవ్‌కు 1974లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనవాళ్ళకు ఇష్టమైన సంగతి ఒకటి చేరుస్తాను. ఫాస్ఫటేజ్ పనితనాన్ని అది విడుదల చేసే ఫాస్ఫేటును బట్టి కొలవవచ్చు. ఫాస్ఫేటును నీలిరంగుగా మార్చి కొలవడానికి ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు వాడిన పద్ధతి 1925లో ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి ప్రచురించినది. మా రోజుల్లో ప్రాక్టికల్ పరీక్షకు అది రాని విద్యార్థి ఉండేవాడు కాదు.

ఆవపిండి | మంగళవారం, మధ్యాహ్నం 1.15

మాష్టారు గారూ, నేను వృక్షశాస్త్రం చదివి వంటింట్లో స్థిరపడినదాన్ని. తరగతికి ఎలుక కాలేయం తీసుకుపోలేరు, ఆవాలు తీసుకుపోగలరు.

నాలుగు ఆవగింజలు నోట్లో వేసుకుంటే మొదట ఘాటు ఉండదు. కొరికి నమిలాక కొంతసేపటికి ముక్కులోకి పోతుంది. కారణం ఏమిటంటే, గింజలో ఘాటు తయారయి లేదు. దానికి కావలసిన గ్లూకోసినోలేట్ అనే పదార్థం ఒకచోట, దాన్ని విరిచే మైరోసినేజ్ ఎంజైము ఇంకొకచోట, వేరువేరు కణాలలో ఉంటాయి. నూరి, తడి తగిలించినప్పుడే ఇవి కలుసుకుంటాయి. అందుకే మా అత్తగారు పనసపొట్టు కూరలో ఆవ పెట్టేటప్పుడు, ఆవాలను నీళ్ళతో నూరి, పొయ్యి మీంచి కూర దింపి, వేడి కాస్త తగ్గాకే కలిపేవారు. మరిగే కూరలో వేస్తే ఎంజైము చచ్చిపోతుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అదే తాలింపులో చిటపటలాడించిన ఆవాలకు ఆ ఘాటు రాదు, ఎందుకంటే గింజ నలగకముందే నూనె వేడికి ఎంజైము చెడిపోతుంది.

వంకాయ కోసిన వెంటనే నల్లబడడం కూడా ఈ కోవలోదే. ఫీనాలు కణంలోని రిక్తిక అనే సంచిలో ఉంటాయి, వాటిని గాలిలోని ఆక్సిజనుతో కలిపే ఎంజైము ప్లాస్టిడ్లనే వేరే కణాంగాలలో ఉంటుంది. కత్తి రెండు గదుల గోడలనూ కోసేస్తుంది. ఉప్పునీళ్ళల్లో వెయ్యడం గాలి తగలకుండా, ఎంజైము జోరు తగ్గించడానికి.

సందేహాలరావు | మంగళవారం, సాయంత్రం 5.50

అందరూ బాగా రాశారు, కానీ నాకు ఒక చిక్కు ఉంది. పక్షి గారు చెప్పిన సంకేతం ప్రోటీనును అంతర్జీవద్రవ్యజాలంలోకి మాత్రమే చేరుస్తుంది. ఆ తలుపులోంచి లైసోసోము ఎంజైమూ పోతుంది, కణం బయటికి స్రవించే ఇన్సులిన్ లాంటిదీ పోతుంది, ఆ జాలంలోనే ఉండిపోవలసిన ప్రోటీనూ పోతుంది. లోపలికి వెళ్ళాక మూడింటినీ విడదీసేది ఎవరు? రెండో ప్రశ్న, ఒక గ్రాహకం, అంటే సంకేతాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీను, ఎంజైమును పట్టుకుని ఇంకొకచోట వదిలేస్తుందంటారు. గట్టిగా పట్టుకునేది ఎందుకు వదులుతుంది? వదిలేసేది ముందు ఎందుకు పట్టుకుంటుంది? ఇది చెప్పకుండా "గ్రాహకం" అనడం, ప్రశ్నకు ఇంకో పేరు పెట్టడమే అవుతుంది.

కణిక | మంగళవారం, రాత్రి 8.30

రావు గారూ, నేను ఎమ్మెస్సీ రెండో సంవత్సరం విద్యార్థిని, ఈ భాగం మొన్ననే సెమినారులో చెప్పాను కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

జాలంలోనే ఉండవలసిన ప్రోటీన్ల తోక చివర నాలుగు అమైనో ఆమ్లాలు ఒకే వరసలో ఉంటాయి: లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం, ల్యూసిన్. వీటి ఒంటి అక్షరాల పేర్లను కలిపి కె-డి-ఇ-ఎల్ అంటారు. 1987లో కేంబ్రిడ్జిలో షాన్ మన్రో, హ్యూ పెల్హామ్ చేసిన ప్రయోగం చాలా సూటిగా ఉంటుంది. జాలంలో ఉండే ఒక ప్రోటీనుకు ఆ తోక కత్తిరిస్తే అది కణం బయటికి వెళ్ళిపోయింది. మామూలుగా బయటికి పోయే లైసోజైముకు అదే తోక అతికిస్తే లోపలే నిలిచింది.

నాకు విడ్డూరంగా అనిపించిన సంగతి ఏమిటంటే, ఈ తోక ప్రోటీనును కదలకుండా కట్టెయ్యదు. ప్రోటీను ఇతర సరుకుతో పాటు పొరబుడగలలో, జాలం తరవాతి మజిలీ అయిన గాల్జీ దాకా తప్పిపోతుంది, అక్కడ గ్రాహకం పట్టుకుని వెనక్కి తెస్తుంది. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లవాణ్ణి ఇంటికి చేర్చినట్టు, రోజంతా ఇదే పని. ఇక పట్టుకోవడం, వదలడం గురించి: గాల్జీ లోపల కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది, అక్కడ గ్రాహకం ఆ తోకను పట్టుకుంటుంది. జాలం లోపల పీహెచ్ (ఆమ్లగుణపు కొలత, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) తటస్థానికి దగ్గర, అక్కడ వదిలేస్తుంది. గ్రాహకానికి ఊరు పేరు తెలియనవసరం లేదు, చుట్టూ పులుపు ఎంత ఉందో తెలిస్తే చాలు.

పాత పుస్తకం | మంగళవారం, రాత్రి 9.05

అమ్మా కణికా, ఆఖరి వాక్యం బాగుంది. మాష్టారు దాన్ని బోర్డు మీద రాయవచ్చు.

పిల్లల వైద్యుడు | బుధవారం, ఉదయం 7.20

లైసోసోము చిరునామా విషయం నేను అందుకుంటాను, ఎందుకంటే దాన్ని కనిపెట్టడానికి దారి చూపింది ఒక పిల్లల జబ్బు.

ఐ-సెల్ జబ్బు చాలా అరుదైనది. ముఖం మొరటుగా మారడం, ఎముకలు, కీళ్ళు సరిగా ఎదగకపోవడం పుట్టిన కొద్ది నెలల్లోనే మొదలవుతాయి, చాలామంది పిల్లలు బాల్యం దాటరు. ఈ పిల్లల చర్మం నుంచి పెంచిన కణాలు అరగని చెత్తతో నిండి ఉంటాయి. లైసోసోము ఎంజైము ఒకటి లేకపోతే ఒక రకం పదార్థం పేరుకుంటుంది, కానీ ఇక్కడ ఒకేసారి ఎన్నో ఎంజైములు కనబడవు. ఎన్నో జన్యువులు ఒకే బిడ్డలో ఒకేసారి చెడడం నమ్మశక్యం కాదు. అసలు ఆశ్చర్యం రక్తపరీక్షలో ఉంటుంది. లోపల లేని ఆ ఎంజైములే రక్తంలో మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి. మొదటిసారి అలాంటి రిపోర్టు చూసినప్పుడు నమూనా తారుమారైందని నేను లాబ్‌కు ఫోను చేశాను. నమూనా సరైనదే.

1972లో అమెరికాలో ఎలిజబెత్ న్యూఫెల్డ్, ఆమె సహోద్యోగి చేసిన పని దీన్ని విప్పింది. మామూలు కణాలు వదిలిన ఎంజైమును ఐ-సెల్ కణాలు శుభ్రంగా లోపలికి తీసుకున్నాయి. ఐ-సెల్ కణాలు వదిలిన ఎంజైమును మాత్రం ఇతర కణాలు ముట్టుకోలేదు. లోపం అందుకునే చేతిలో లేదు, కవరు మీది ముద్రలో ఉంది. ఆ ముద్ర ఎంజైముకు అంటిన చక్కెర గొలుసు మీది మానోస్-6-ఫాస్ఫేట్ అని 1977లో విలియం స్లై బృందం చూపించింది. గాల్జీలో ఒక ప్రత్యేక ఎంజైము ఈ ముద్రకు కావలసిన ఫాస్ఫేటును తగిలిస్తుంది. ఐ-సెల్ బిడ్డలలో లేనిది అదొక్కటే. ముద్ర పడని ఎంజైములన్నీ, అవి తమంతట ఎంత బాగున్నా, కణం బయటికి పోతాయి.

రావు గారి రెండో ప్రశ్నకు ఇక్కడ కూడా పీహెచ్ పేరే చెప్పాలి, కాకపోతే దిక్కు తిరగబడింది. ఈ ముద్రను చదివే గ్రాహకం గాల్జీ చివర, పీహెచ్ 6.5 ప్రాంతంలో, పట్టుకుంటుంది. అంతకంటే పుల్లగా, 6 కంటే తక్కువ పీహెచ్ ఉండే ఎండోసోములోకి, అంటే లైసోసోముకు ముందున్న సంచిలోకి, రాగానే వదిలేసి, ఖాళీ చేతులతో గాల్జీకి తిరిగిపోతుంది.

కణిక | బుధవారం, ఉదయం 8.10

డాక్టరు గారూ, చిన్న సవరణ అనుమతించండి. లైసోసోము ఎంజైములన్నీ ఈ ముద్ర మీదే ఆధారపడవు కదా. గోషే అనే వంశపారంపర్య జబ్బులో లోపించే గ్లూకోసెరెబ్రోసిడేజ్ లింప్-2 అనే పొర ప్రోటీను చెయ్యి పట్టుకుని వెళుతుందని 2007లో తేలింది. ఐ-సెల్ పిల్లల కాలేయ కణాలలో ఇతర లైసోసోము ఎంజైములు కూడా చాలావరకు చేరవలసిన చోటికే చేరుతుంటాయి. అంటే పక్కదారులు ఉన్నాయి.

పిల్లల వైద్యుడు | బుధవారం, ఉదయం 8.25

నిజమే అమ్మా, "అన్నీ" అనడం నా పొరపాటు. చక్కెర గొలుసు మీది చిరునామాకు వైద్యంలో ఉన్న విలువ కూడా చెప్పాలి. గోషే రోగులకు 1991 నుంచి ఇస్తున్న ఎంజైము మందులో గొలుసు చివరలను కత్తిరించి మానోస్ అనే చక్కెర బయటపడేలా చేస్తారు, ఎందుకంటే చెత్త పేరుకునేది మాక్రోఫేజ్ అనే, చెత్తను మింగే కణాలలో, వాటి పైన ఉన్నది మానోస్ గ్రాహకం. ఎంజైమును సీసాలో నింపడంతో సరిపోదు, కవరు కూడా మార్చి రాయాలి.

సందేహాలరావు | బుధవారం, రాత్రి 7.45

ఒప్పుకున్నాను. అయితే మీరు చెప్పిన జబ్బులో ఎంజైము పోవలసిన చోటికి పోలేదు, బయట పడి వృథా అయింది. నా ప్రశ్న వేరు. ఎంజైము చక్కగా పనిచేస్తూ, కణం లోపలే, పక్క గదిలో పడితే ఏమవుతుంది? కణం అంతా కలిపి కొన్ని మైక్రోమీటర్లు. గ్లూకోజు తిరుగుతుంది, ఆమ్లాలు తిరుగుతాయి. పక్క గదిలో పనిచేస్తే కొంపలేమి మునుగుతాయి?

ప్రయోగశాల పక్షి | బుధవారం, రాత్రి 11.05

రావు గారూ, సరిగ్గా ఇదే జరిగే జబ్బు ఒకటి ఉంది, నిజంగా మునిగేది మూత్రపిండాలు. మాష్టారి విద్యార్థిని అడిగిన "ఒక్క అక్షరం తప్పు" కూడా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను.

మన కాలేయ కణాలలో అలనిన్ గ్లయాక్సిలేట్ అమైనోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము ఉంటుంది. ముందుకు పోతూ దాన్ని ఏజీటీ అందాం. దాని పని గ్లయాక్సిలేటును ప్రమాదం లేని గ్లైసిన్‌గా మార్చడం. మనుషులలో ఇది పెరాక్సీసోములనే చిన్న పొర సంచులలో ఉంటుంది, ఎందుకంటే గ్లయాక్సిలేటు చాలావరకు అక్కడే పుడుతుంది. పుట్టినచోటే దాన్ని పట్టుకోకపోతే అది కణద్రవ్యంలోకి జారుకుంటుంది, అక్కడి లాక్టేట్ డీహైడ్రోజినేజ్ దాన్ని ఆక్సలేటుగా మారుస్తుంది. ఆక్సలేటు కాల్షియంతో కలిసి రాయి అవుతుంది.

మొదటి రకం ప్రైమరీ హైపర్ ఆక్సలూరియా అనే వంశపారంపర్య జబ్బులో లోపం ఈ ఏజీటీదే. కానీ యూరప్, అమెరికా రోగులలో దాదాపు మూడో వంతు మందిలో ఎంజైము ఉంటుంది, దానికి పనితనమూ ఉంటుంది. 1989లో లండనులో క్రిస్టఫర్ డాన్‌ప్యూర్ బృందం అలాంటి రోగుల కాలేయంలో చూస్తే, ఎంజైములో 90 శాతం దాకా మైటోకాండ్రియాలో కూర్చుని ఉంది. గ్లయాక్సిలేటు ఒక గదిలో, దాన్ని మార్చవలసినది ఇంకో గదిలో.

అది అక్కడికి ఎలా పోయింది? ఇక్కడ రెండు తలుపుల స్వభావం తెలియాలి. పెరాక్సీసోము చిరునామా సాధారణంగా ప్రోటీను తోకలోని చివరి మూడు అమైనో ఆమ్లాలు. కాలిఫోర్నియాలో సురేశ్ సుబ్రమణి ప్రయోగశాలవారు మిణుగురు పురుగు వెలుగుకు కారణమైన లూసిఫరేజ్ ఎంజైములో దాన్ని మొదట గుర్తించారు: సెరిన్, లైసిన్, ల్యూసిన్. ఈ తలుపు ఎంత పెద్దదంటే, పూర్తిగా మడతపడిన ప్రోటీనును, ఆ తోక అతికిస్తే 9 నానోమీటర్ల బంగారు రేణువును కూడా లోపలికి తీసుకుంటుంది. మైటోకాండ్రియా తలుపు దీనికి విరుద్ధం. దాని చిరునామా తల వైపు, ధనావేశం గల ముక్క. ఆ తలుపు ఇరుకు, మడత విప్పిన గొలుసునే లోపలికి లాగుతుంది. 1986లో గాట్‌ఫ్రీడ్ షాట్జ్ ప్రయోగశాలలో ఒక ప్రోటీను మడత వీడకుండా ఔషధంతో బిగిస్తే, సరైన చిరునామా ఉన్నా అది తలుపు దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు ఏజీటీలో రెండు మార్పులు చూడండి. యూరోపియన్లలో చాలామందికి ఉండే ఒక హానిలేని తేడా వల్ల 11వ స్థానంలో ప్రోలీనుకు బదులు ల్యూసిన్ వస్తుంది. దానితో తల వైపు ముక్క కాస్త మైటోకాండ్రియా చిరునామాలా కనిపించడం మొదలుపెడుతుంది. అయినా సుమారు 5 శాతమే దారి తప్పుతుంది, ఎందుకంటే ఏజీటీ గబగబా మడతపడి రెండేసి జతకట్టేస్తుంది, జతకట్టినది ఇరుకు తలుపులో పట్టదు. 170వ స్థానంలో గ్లైసిన్‌కు బదులు అర్జినిన్ వచ్చే ఇంకో మార్పు ఆ జతకట్టడాన్ని నెమ్మదింపజేస్తుంది. రెండూ ఒకే జన్యువులో కలిస్తే, తప్పుడు చిరునామా చదవడానికి మైటోకాండ్రియాకు కావలసినంత వ్యవధి దొరుకుతుంది. తోకలోని సరైన చిరునామా చెక్కుచెదరలేదు. కేవలం ఆలస్యం వల్ల పందెం ఓడిపోయింది. "చిరునామా" అనే మాట మనం పిల్లలకు చెబుతున్నాం కానీ, అది కాగితం మీది రాత లాంటిది కాదు. ఎవరు ముందు చదువుతారన్నది కూడా అందులో భాగమే.

ఆవపిండి | గురువారం, ఉదయం 6.15

చదివి ఆశ్చర్యపోయాను. మైటోకాండ్రియా ఈ ఎంజైముకు అంత పరాయిదేనా? ఇతర జంతువులలో కూడా ఇంతేనా?

ప్రయోగశాల పక్షి | గురువారం, ఉదయం 7.00

మంచి చోట పట్టుకున్నారు. పరాయిది కాదు. పిల్లిలో ఏజీటీ ముఖ్యంగా మైటోకాండ్రియాలోనే ఉంటుంది, కుందేలులో పెరాక్సీసోములలో, ఎలుకలో రెండు చోట్లా. మాంసం తినే జంతువుకు గ్లయాక్సిలేటు ఎక్కువగా కొల్లాజెన్‌లోని హైడ్రాక్సీప్రోలీను నుంచి వస్తుంది, అది విరిగేది మైటోకాండ్రియాలో. ఆకులు తినే జంతువుకు గ్లైకోలేటు నుంచి వస్తుంది, అది మారేది పెరాక్సీసోములో. ఏ గదిలో చెత్త పడితే ఆ గదిలోనే చీపురు. మనుషుల వంశంలో మైటోకాండ్రియాకు పంపే చిరునామాతో ప్రోటీను తయారీ మొదలయ్యే పాత ఆరంభస్థానం ఎప్పుడో చెరిగిపోయింది. రోగులలో కనిపించేది ఆ పాత చిరునామా తిరిగి రావడం కాదు, వేరే అక్షరాలతో అనుకోకుండా తయారైన కొత్తది.

పిల్లల వైద్యుడు | గురువారం, ఉదయం 7.30

ఒక మాట చేర్చి ఆపుతాను. ఈ ఎంజైముకు విటమిన్ బి6 నుంచి వచ్చే పదార్థం సహాయకంగా కావాలి. పక్షి గారు చెప్పిన 170వ స్థానం మార్పు ఉన్న రోగులలో చాలామందికి బి6 ఇస్తే ఆక్సలేటు తగ్గుతుంది. ఇది చదివి మామూలు రాళ్ళున్నవారు బి6 మాత్రలు మింగవద్దని మనవి. మామూలు రాళ్ళలో అత్యధికం ఈ జబ్బు వల్ల వచ్చేవి కావు. చిన్నపిల్లలకు రాళ్ళు వచ్చినా, పదేపదే వచ్చినా మాత్రం జన్యుపరీక్ష గురించి వైద్యుణ్ణి అడగండి.

సందేహాలరావు | గురువారం, ఉదయం 9.40

నా ప్రశ్నలకు జవాబులు దొరికాయి. ఒక్కటే మిగిలింది. లైసోసోము ఒకటి చిరిగితే కణం చచ్చిపోవాలి కదా, మరి పోదేం?

కణిక | గురువారం, ఉదయం 10.05

కణద్రవ్యం పీహెచ్ దాదాపు 7.2, లైసోసోము లోపల 4.5 నుంచి 5. అంటే హైడ్రోజన్ అయాన్లలో కనీసం 150 రెట్ల తేడా. పొర మీది పంపు కణపు ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెడుతూ ఆ తేడాను నిలబెడుతుంది. ఆ పులుపుకు అలవాటైన ఎంజైములలో చాలావాటికి బయట పడగానే జోరు తగ్గుతుంది. పెద్ద సంఖ్యలో చిరిగితే మాత్రం కణం చనిపోతుంది రావు గారూ.

గోదావరి మాష్టారు | శనివారం, సాయంత్రం 6.30

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. గురువారం క్లాసులో ఏమి జరిగిందో రాస్తాను.

ఆవపిండి గారి మాట, పాత పుస్తకం గారి మాట కలిపి, బుధవారం రాత్రే లేత తెల్ల వంకాయ ఒకటి కొయ్యకుండా ఫ్రీజరులో పెట్టాను, ఇంకొకటి వంటింటి బుట్టలోనే ఉంచాను. గురువారం ఉదయం ఫ్రీజరుది బయటికి తీసి, కాలేజీకి తీసుకుపోయేలోగా మెత్తబడనిచ్చాను. క్లాసులో రెండింటినీ ఒకేసారి అడ్డంగా కోయించాను. బుట్టలోది కోసినప్పుడు తెల్లగా ఉండి, నెమ్మదిగా కోసిన ముఖం మీద మాత్రమే రంగు తిరిగింది. ఫ్రీజరుది కోసేసరికే తొక్క కింద గోధుమరంగు పట్టీ ఉంది, గాలి తగిలిన రెండు నిమిషాల్లో లోపలంతా టీ డికాక్షన్ రంగుకు వచ్చింది. కత్తి తగలకుండానే మంచు పలుకులు లోపలి గోడలను చీల్చాయని వాళ్ళచేతే చెప్పించి, ఆ తరవాత డి డూవ్ ఫ్రిజ్ కథ చెప్పాను. ఏజీటీ కథ చెప్పేసరికి బెల్లు మోగింది.

చివరి బెంచీ అమ్మాయి స్టాఫ్ రూము దాకా వెంట వచ్చింది. "సార్, కణం విడిపోయి రెండైనప్పుడు ఈ సంచులన్నీ సగం సగం ఎవరు పంచుతారు?" అని అడిగింది. దానికి వేరే చర్చ మొదలుపెడుతున్నాను, కణిక గారు ముందుగా రాయాలని కోరుతున్నాను.